చీకటి గదిలో తూర్పు పడమరలు

సికింద్రాబాదు వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి బందరులో నన్నెవరూ ఊరకే వదలడం లేదు. "మిలిటరీ ఇంకా ఉందా? నిజాం రూపాయి ఇంకా చెల్లుతోందా? సాయిబులంతా పారిపోయారటగా?" అని అడిగేవాళ్ళే. మొదటి రెండింటికీ ఉందనీ, చెల్లుతోందనీ చెబుతున్నాను. మూడోది అడిగినవాడికి జవాబు చెప్పను. మనుషుల గురించి మాట్లాడేటప్పుడు పిచికలు లేచిపోయినట్టు మాట్లాడేవాడికి ఏం చెప్పినా దండగే. వెళ్ళని వాళ్ళలో వినే ఓపికున్న వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

నేను పుస్తకాలు కుట్టేవాణ్ణి. బళ్ళో చదివింది మూడో తరగతి. ఇంగ్లీషు నాకు నేర్పింది బైండింగు బల్ల. పేజీలు వరసలో ఉన్నాయో లేదో చూసుకోవాలి గదా, అలా చూసుకుంటూ చదవడం మొదలుపెట్టి నలభై ఏళ్ళలో అలవాటుగా మార్చుకున్నాను. నా దగ్గరున్న పాత ఇంగ్లీషు పద్యాల పుస్తకాలన్నీ సికింద్రాబాదు నుంచి వచ్చినవే. అక్కడ కార్ఖానా అనే పేటలో హుస్సేన్ అని నాకన్నా పదిహేనేళ్ళు చిన్నవాడు, అతనూ బైండరే. దొరల పటాలాలు పారేసిన పుస్తకాలు తూకానికి కొని, అట్టలు మార్చి, పద్యాలున్నవి నాకు పంపేవాడు. సెప్టెంబరులో పోలీసు చర్య జరిగాక అతని దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. మార్చిలో అక్కడి క్రైస్తవ ఉపాధ్యాయులొకరు మాట్లాడమని పిలిస్తే, ఇదే సాకని బయల్దేరాను.

సరిహద్దులో ఆకాశం

బెజవాడలో బండెక్కాను. నిజాం సరిహద్దు దాటగానే సుంకం మనిషి పెట్టెలోకి వచ్చి నా సంచీ విప్పాడు. అందులో చొక్కాలు, మాగాయ జాడీ, పొడుగ్గా చుట్టిన పటం ఒకటీ ఉన్నాయి. ప్రసంగం కోసం నేనే గీసుకున్న పటమది. మూడు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లీషు కవులు ఆకాశాన్ని ఎలా ఊహించుకున్నారో చూపిస్తుంది. నడుమ భూమి, చుట్టూ ఉల్లిపొరల్లాగా ఒకదాని మీద ఒకటి గాజు గోళాలు, ఒక్కో గోళానికి ఒక్కో గ్రహం అతుక్కుని ఉంటుంది.

"ఇదేంది తాతా? ఏ ఊరి నక్ష?" అన్నాడు. నల్గొండ వైపు కమ్యూనిస్టుల కోసం మిలిటరీ తిరుగుతున్న రోజులు. గీతలున్న కాగితమంటే చాలు, వాళ్ళ కళ్ళు మారిపోయేవి.

"ఊరిది కాదు నాయనా, ఆకాశానిది."

"నడుమ చుక్కేంది?"

"భూమి."

"భూమి నడుమ ఉంటదా? మా బళ్ళె సూర్యుడు నడుమ ఉంటడని చెప్పిన్రు గద."

"ఇది పాత లెక్కయ్యా. అది తప్పని తేలుతున్న రోజుల్లోనే వాళ్ళు మంచి పద్యాలు రాశారు."

"తప్పని తెల్సి సుత గింత దూరం మోస్కపోతున్నవా?" అని పెట్టెలో వాళ్ళందరికీ పటం ఎత్తి చూపించాడు. అందరూ నవ్వారు. పటం తిరిగిచ్చి మాగాయ జాడీ మాత్రం వాసన చూసి, "ఇదైతే బాంబే," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది గానీ పటం గురించి అతనన్న మాట న్యాయమైనదేనని ఖమ్మం దాటాక ఒప్పుకున్నాను.

మోండా మార్కెట్

దిగగానే రెండు రకాల డబ్బుతో పేచీ వచ్చింది. మన రూపాయిని అక్కడ కల్దారు అంటారు, నిజాం రూపాయిని హాలీ అంటారు. మనది కాస్త ఎక్కువ. ఎంతెక్కువో ప్రతి దుకాణంలోనూ ఒక్కో మాట చెప్పారు. మోండా మార్కెట్లో చింతపండు అమ్మే ఆమె, "తాతా, నీ మొఖం జూసి చెప్తున్న," అని అందరికన్నా ఎక్కువ గుంజింది. బందరులో మోసం చేసేవాడు ముఖం చూడడు. ఇక్కడ వరస కలిపి, కొత్తిమీర కట్ట కొసరేసి మరీ మోసం చేస్తారు. అదో మర్యాద.

పొద్దున ఫలహారం ఖిచ్డీ, దాని మీద పుల్లటి నువ్వుల పులుసు. మన పులగం లాంటిదే అనుకుని నెయ్యి అడిగితే హోటలు వాడు నన్ను జాలిగా చూశాడు. తినగా తినగా నాకే తెలిసింది, దానికి నెయ్యి అడగడం పాయసానికి ఉప్పు అడగడం లాంటిదని.

మార్కెట్టు కిటకిటలాడుతోంది. కానీ ప్రతి వరసలోనూ అక్కడక్కడా తలుపులేసిన దుకాణాలున్నాయి. జనం వాటి ముందుకు రాగానే మాట ఆపి, దాటాక మళ్ళీ ఎత్తుకుంటున్నారు. ఎవరూ ఎవరికీ చెప్పినట్టు లేదు. అందరికీ అలా అలవాటైపోయింది.

అట్టలు, జిగురు అమ్మే దుకాణంలో హుస్సేన్ గురించి అడిగాను. షాపాయన తక్కెడ కింద పెట్టాడు.

"కార్ఖానకు పోతున్నవా పెద్దాయనా? పో. గని మిట్టపగలు పోకు."

"రాత్రి వెళ్ళొద్దంటారు గానీ, పగలు వెళ్ళొద్దనడమేమిటి?"

"గా ఇంట్ల రాత్రి ఏం ఉండది. పగలే పరేషాన్," అని ఇంకో గిరాకీ వైపు తిరిగాడు. ఆ గిరాకీ అప్పటికింకా దుకాణం మెట్టెక్కలేదు.

పద్మారావు నగర్

నన్ను పిలిచింది సుందరం మాస్టారు. గుంటూరు వైపు మనిషి, మిషను బళ్ళో ఇంగ్లీషు చెబుతారు. ఆయన ఇల్లు పద్మారావు నగర్‌లో. భార్య దీనమ్మ గారు నన్ను చూడగానే, "గోంగూర తెచ్చారాండీ?" అన్నారు. మాగాయ అనేసరికి క్షమించారు. భోజనానికి ముందు ప్రార్థన చేశారు. మన ఇళ్ళల్లో విస్తరి చుట్టూ నీళ్ళు తిప్పినట్టే, వీళ్ళు ఒక నిమిషం కళ్ళు మూసుకుంటారు. ఆ రోజు ప్రార్థనలో మాస్టారు ఊరి పేరు చెప్పి, ఊళ్ళో కనిపించకుండా పోయిన వాళ్ళని కూడా తలుచుకున్నారు. ఆ మాట దగ్గర దీనమ్మ గారు కళ్ళు తెరిచి వీధి గుమ్మం వైపు చూశారు. గడియ పెట్టే ఉంది.

సాయంత్రం వాళ్ళ వరండాలో పదిహేనుమంది దాకా పోగయ్యారు. నా పటం గోడకి తగిలించి మొదలుపెట్టాను. మన కావ్యాల్లో చకోరం వెన్నెల తాగుతుంది, ఎవరూ చకోరాన్ని పట్టుకుని దాని కడుపులో వెన్నెల ఉందా అని చూడలేదు, చూడాలనీ అనుకోలేదు. కానీ ఆ ఇంగ్లీషు కవుల కాలంలో చూడటం మొదలైంది. ఒకడు గొట్టంలోంచి చంద్రుణ్ణి చూసి గుంటలున్నాయన్నాడు. ఒకడు నెత్తురు ఒళ్ళంతా తిరిగి గుండెకే వస్తుందన్నాడు. ఒకడు భూమే పెద్ద అయస్కాంతమన్నాడు. విన్న కవులు పాత గాజు గోళాలని వదల్లేకా, కొత్త లెక్కని కాదనలేకా రెండింటినీ ఒకే పద్యంలో పెట్టారు. భక్తుడి మనసుని ఉత్తరం వైపు వణికే సూదితో పోల్చారు. ప్రియురాలి కన్నీటి బొట్టుని భూగోళం చేశారు. అది అలంకారం కాదు, భయం. కాళ్ళ కింద నేల తిరుగుతోందని తెలిసినవాడు గట్టిగా పట్టుకున్న కొమ్మ అది.

"మరొకటి చెబుతాను," అన్నాను. "తలుపులన్నీ మూసిన చీకటి గదికి ఒక చిన్న కన్నం ఉంటే, బయటి వీధంతా లోపలి గోడ మీద తలకిందులుగా పడుతుంది, చెరువు నీళ్ళలో చెట్టు నీడలాగా. ఈ సంగతి పట్టుకుని వాళ్ళు ఎన్ని రాశారో! కన్ను చీకటి గది అన్నారు, మనసు చీకటి గది అన్నారు. అదే రోజుల్లో వాళ్ళూ తమ రాజుని దింపి తల తీశారు. ఇంకేం, లోకమే తలకిందులైందని రాశారు. మీ ఊరికి ఈ పోలిక ఎంత బాగా అతుకుతుందో నేను చెప్పక్కర్లేదు."

ఎవరూ నవ్వలేదు. వెనక కూర్చున్న ఒక కుర్ర లెక్చరరు లేచాడు. "పెద్దవారు, అడగొచ్చో లేదో. ఆ చీకటి గది మీరు ఎప్పుడైనా చూశారాండీ?"

"చూడటమెందుకు? చదివాను."

"అదేనండి. చూశారా అని అడిగాను," అని కూర్చున్నాడు.

నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. చంద్రుడి గుంటలు వీడు చూశాడా? ఆ రాత్రి మంచం మీద వాడికి పది జవాబులు చెప్పాను. ఒక్కటీ నిలబడలేదు, ఎందుకంటే వాడడిగింది సరైన ప్రశ్న.

కార్ఖానా

మర్నాడు గురువారం. మొండికేసి మిట్టమధ్యాహ్నమే బయల్దేరాను. టాంగా మనిషి గల్లీ పేరు వినగానే బేరానికి ఒప్పుకున్నాడు గానీ, గల్లీ మొగలో గుర్రాన్ని ఆపేశాడు.

"గీన్నే దిగు తాతా."

"ఇల్లు ఇంకా ముందుంది కదయ్యా?"

"ఉన్నది. గా ఇంటి గోడ మీద సచ్చినోళ్ళు నడుస్తరు. కాళ్ళు మీదికి, తల్కాయలు కిందికి. మా తమ్ముడు తలుపు సందులకెళ్ళి జూసిండు, మూడు దినాలు జరం."

"ముందు నుంచి టాంగాలు పోవడం లేదూ?"

"పోతయి. ఉరికిచ్చుకుంట పోతం."

నా గుండె ఒక్కసారి జల్లుమన్న మాట నిజం. దయ్యాలకి కాదు. నిన్న నేను వరండాలో చెప్పిన మాటలు వాడి నోట్లోంచి వస్తున్నాయి.

గల్లీ తూర్పు పడమరలుగా ఉంది. హుస్సేన్ ఇల్లు దక్షిణపు వరసలో, మొహం ఉత్తరానికి. దుకాణం పలకలన్నీ బిగించి ఉన్నాయి. ఒక పలక మీద రాయి తగిలిన గుర్తుంది, అక్కడ చెక్కముడి ఊడిపోయి కందిగింజంత బెజ్జం పడింది. ఇంటికి రెండు పక్కలా సందులే. ఒక సందులోంచి వెళ్ళి వెనక వాకిలి తట్టాను. తలుపు తీసింది హుస్సేన్ తమ్ముడు రహీం. పేరు చెప్పగానే, "బందరు చాచానా!" అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. పట్టుకుని వదల్లేదు, ఏడవనూ లేదు.

వాకిట్లో కూర్చోబెట్టి సంగతి చెప్పాడు. మిలిటరీ ఊళ్ళోకి వచ్చిన వారం గల్లీలో రాళ్ళు పడ్డాయి. పలకలన్నీ బిగించుకున్నారు. మూడో రోజు కొంచెం సద్దుమణిగితే, దారి తెరిచారో లేదో చూసొస్తానని హుస్సేన్ వెనక వాకిట్లోంచి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

"గల్లీకి పడమటి కొసన మైదానం ఉన్నది చాచా. గా పొద్దు ఆడ మిలిటరీ లారీలు నిలబడ్డయి. అటు పోయినోళ్ళు మా గల్లీల నలుగురు. ముగ్గురు జైల్ల దొరికిన్రు. ఒకాయన గడబిడల పాణం ఇడిసిండు. అన్న పేరు ఏ జైల్ల లేదు. అన్న సుత అటే పోయిండు. అంటే..." అని ఆపేశాడు.

"అటే వెళ్ళాడని ఎవరు చెప్పారు?"

"వదినె చూసింది."

"బయటికి వచ్చి చూసిందా?"

రహీం లోపలి గది తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "గోడ మీద."

రేపు జుమా నమాజు అయ్యాక పెద్దలు వస్తారట. హుస్సేన్ లేడని నలుగురిలో చెప్పేస్తారు. అతని భార్య ఖైరున్ బీ ఇద్దతులో కూర్చోవాలి. భర్త పోయిన ఆడది నాలుగు నెలల పైచిలుకు గడప దాటకుండా గడిపే దీక్ష అది. ఆ తర్వాత ఇల్లు ఖాళీ చేసి అందరూ గుల్బర్గా వెళ్ళిపోతారు. ఇన్నాళ్ళూ ఆమె ఒప్పుకోలేదు, నిన్న ఒప్పుకుంది. "ఏం జేస్తది చాచా? పోయింది చూసిన సాక్షి ఆమె ఒక్కతే. గా సాక్ష్యమే ఆయన్ని మైదానంల నిలబెట్టింది," అన్నాడు రహీం. అతను చెడ్డవాడు కాదు. ఆర్నెల్లుగా అన్న సంసారం మోస్తున్నాడు, ఆ గదిలోకి మాత్రం ఒక్కసారీ అడుగు పెట్టలేదు.

గోడ

గదిలోంచి ఆడగొంతు వినిపించింది. "బందరు అన్నా, లోపలికి రా. చీకట్ల పర్దా ఏముంది?"

వెళ్ళాను. మొదట ఏమీ కనిపించలేదు. జిగురు వాసన, పాత కాగితం వాసన. మూలన కొయ్యకి కుచ్చు వేలాడే రూమీ టోపీ తగిలించి ఉందని కాసేపటికి పోల్చుకున్నాను. ఖైరున్ బీ నేల మీద, దక్షిణపు గోడకి ఎదురుగా ముసుగేసుకుని కూర్చుంది. ఆ గోడ వెలుగుతోంది.

నేను పద్యాల్లో వెయ్యిసార్లు చదివినదే. గోడ అడుగున ఆకాశం ఉంది, నీలంగా, కదలకుండా, బావిలో నీళ్ళలాగా. దాని మీద ఎదురింటి పెంకులు తల్లకిందులుగా వేలాడుతున్నాయి. పైన, దూలాల దగ్గర, మట్టి వీధి. ఆ వీధి మీద ఒక మనిషి గబ్బిలంలా తల కిందికి పెట్టి నడిచిపోతున్నాడు. రంగులున్నాయి. ముఖం లేదు. ఒక ఆడమనిషి గంపతో వచ్చింది, గంప కిందికి, కాళ్ళు పైకి. గంపలోంచి ఏదీ జారి పడటం లేదు. అది చూస్తే ఎందుకో నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం వేసింది.

"ఇది గల్లీ నీడేనని నాకు ఎరికే అన్నా," అంది ఆమె. "గా రహీంగానికి చెప్పినా ఇనడు. జిన్నులంటడు. ఆయన పోయిన పొద్దు నేను గీన్నే కూసున్న. ఒక కాలు ఈడుస్తడు గద, మొఖం అక్కర్లే, నడక జూస్తే తెల్వదా? గిట్ల వచ్చి, గిట్ల కిబ్లా దిక్కు పోయి, గా మూలల కలిసిండు." పడమటి మూల చూపించింది. వాళ్ళు నమాజు చేసేది అటు తిరిగే. ఆ ఇంట్లో ఎవరూ కుడీ ఎడమా అనరు. కిబ్లా దిక్కు, కిబ్లాకు వీపు, అంతే. "దేవుని దిక్కు పోయిండని ఒక్కటే తసల్లీ. వస్తే గా మూలకెళ్ళే రావాలె. పొద్దుగాల నుంచి ఎండ వాలేదాంక చూస్త."

"ఆర్నెల్ల నుంచా?"

"నీకు పని లేదా అని అడగకు. గిదే పని."

అప్పుడు బయట టాంగా వచ్చింది. నా టాంగా మనిషి చెప్పినట్టే తోలేవాడు ఉరికించుకుంటూ పోతున్నాడు. గోడ మీద గుర్రం కాళ్ళు పైకి ఆడిస్తూ తూర్పు మూలలోంచి వచ్చి పడమటి మూలలోకి పోయింది. గజ్జెల చప్పుడు మాత్రం అటు పోలేదు. నా చెవి పక్కనుంచి తూర్పుగా సాగి, తూర్పునే సన్నగిల్లి ఆగిపోయింది. గుర్రం ఒక దిక్కుకి, దాని గజ్జెలు ఇంకో దిక్కుకి.

దీని గురించి ఏ పద్యమూ నాకు చెప్పలేదు.

"విన్నవా?" అంది ఖైరున్ బీ మామూలుగా. "గదొక్కటే నాకు సుత సమజ్ కాదు. చప్పుడు ఒక దిక్కు, మనిషి ఒక దిక్కు. ఆ పొద్దు నుంచి లోకమే గట్లయింది గావచ్చు."

దారం

నేను అక్కడే కూర్చున్నాను. తలకిందులు, తలకిందులు అని ఊరూరా చెప్పుకు తిరిగాను. నీళ్ళలో చెట్టు నీడ అన్నాను. చెరువుకి తూర్పున ఉన్న చెట్టు నీడలోనూ తూర్పునే ఉంటుంది. ఇక్కడ అలా కాదు. ఆ కవులకి కావలసింది రాజు కిందికీ బంటు పైకీ పోవడం, అంతవరకే తీసుకున్నారు. వెలుగు వాళ్ళకి కావలసిన చోట ఆగుతుందా? పై నుంచి వచ్చింది కిందికి పోయినట్టే, తూర్పు నుంచి వచ్చింది పడమటికి పోవాలి. బెజ్జం ఒక్కటే కదా, అన్నీ అందులోనే దాటుకోవాలి.

మాటలతో చెబితే నాకే నమ్మకం కలగలేదు. హుస్సేన్ బల్ల మీద మైనం పూసిన కుట్టు దారం ఉండ ఉంది. దాని కొస బెజ్జంలోంచి బయటికి తోశాను. బయట నిలబడి పట్టుకోమని రహీంని పంపాను. "తూర్పు వైపు వెళ్ళి, దారం బిగించి గుంజు," అని కేకేశాను. గుంజాడు. లోపల రెండో కొస పట్టుకుని, పలక దగ్గర ఎక్కడా వంగకుండా సూటిగా గోడకి ఆనించాను. నా చెయ్యి పడమటి మూలన ఉన్న అలమరా పక్కకి చేరింది. పడమరకి నడవమన్నాను. దారం తిన్నగా ఉంచడానికి గది అడ్డంగా నడిచి తూర్పు మూలకి చేరుకోవాల్సి వచ్చింది నేను.

ఖైరున్ బీ దారాన్ని చూస్తోంది.

"ఇప్పుడు నేను వెళ్తానమ్మా," అన్నాను. "ఎటు వెళ్తానో చెప్పను. నువ్వు చూసి చెప్పు."

వెనక వాకిట్లోంచి వెళ్ళి, పడమటి సందులోంచి గల్లీలోకి వచ్చి, ఇంటి ముందు నుంచి తూర్పుగా నడిచాను. అరవై ఆరేళ్ళ వయసులో, ఎండలో, ఒక చిన్న బెజ్జం నన్ను చూస్తోందని తెలిసి నడవడం ఎంత కష్టమో నడిస్తే గాని తెలియదు. పైన దూలాలకి వేలాడుతున్నానేమో అనిపించింది. ఎదురింటి ముసలాయన నన్ను చూసి తలుపేసుకున్నాడు.

తిరిగొచ్చేసరికి ఆమె లేచి నిలబడి ఉంది.

"కిబ్లా దిక్కు పోయినవు," అంది.

"తూర్పుకు వెళ్ళానమ్మా. రైలు గేటు వైపు."

"అబద్ధం."

"నేను చూసిన వదినా," అన్నాడు రహీం గుమ్మంలోంచి. "చాచా గేటు దిక్కే నడిచిండు." ఆర్నెల్లలో మొదటిసారి అతను ఆ గది గడప దాటి లోపలికి వచ్చాడు. వచ్చిన సంగతి అతనికే తెలియలేదు.

ఆమె గోడ మీద పడమటి మూల తాకింది. చేతి మీద ఆకాశం పడింది. "అయితే గీడ ఇన్ని దినాలు ఎవరి కోసం చూసిన?" అంది.

జుమా తర్వాత

శుక్రవారం నేను మళ్ళీ వెళ్ళాను. నమాజు ముగిశాక మౌల్వీ సాబు, మరో ఇద్దరు పెద్దలు వచ్చారు. మౌల్వీ సాబు భారీ మనిషి, తెల్లగడ్డం, చేతిలో కర్ర. దారం సంగతి విన్నారు. నన్ను ఎగాదిగా చూశారు.

"మీరు హకీమా?"

"కాదండి. పుస్తకాలు కుడతాను."

"మీ పుస్తకాల ఇల్ముల ఏముందో నాకు తెల్వది. నా కండ్లతోని చూడాలె." ఆయన గదిలో కూర్చున్నారు. రహీం బయట నడిచాడు, అటు ఒకసారి, ఇటు ఒకసారి. ఆయనకి చాల్లేదు. "వీడు మీ మనిషి. నేను పోత," అని లేచి, కర్ర పొడుచుకుంటూ ఆయనే బయటికి వెళ్ళారు. మిగతా ఇద్దరు పెద్దలూ లోపల కూర్చుని, తమ మౌల్వీ సాబు గడ్డం కిందికి వేలాడేసుకుని దూలాల మీద గంభీరంగా నడిచిపోవడం చూశారు. ఒకాయన నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"నవ్వకు ర భాయ్," అన్నాడు రెండో ఆయన, తనే నవ్వాపుకోలేక. "పాపం తగుల్తది."

"ఎటు పోయిండ్రు?" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ రహీం.

"కిబ్లా దిక్కు," అన్నారు పెద్దలిద్దరూ.

లోపలికి వచ్చిన మౌల్వీ సాబు, "నేను తూర్పుకు నడిచిన," అన్నారు. నవ్వు ఆగిపోయింది. కర్ర కొస నేలకి ఆనించి గోడ వైపు తిరిగారు. అక్కడ ఎవరిదో మేక ఆకాశాన్ని తొక్కకుండా దాటిపోతోంది.

"బీబీ," అన్నారు. "నీ కండ్లు చూసింది నిజం. నువ్వు చెప్పింది ఉల్టా. మైదానం దిక్కు పోయిండన్న సాక్ష్యం ఇగ లేదు. సాక్ష్యం లేంది నేను ఎవర్నీ మయ్యత్ చెయ్య. బతికున్నడని సుత అంటలేను. ఇద్దతు మాట ఇయ్యాల ఆపుతున్న."

"తూర్పుకు పోతే ఏమున్నది?" అని అడిగింది ఆమె ముసుగులోంచి.

రహీం చెప్పాడు. "రైలు గేటు. గేటు దాటితే మౌలాలి తొవ్వ. ఆ పొద్దు గూడ్సు బండ్లు ఆగుకుంట పోయినయి. మనం ఆ దిక్కు ఎవర్నీ అడగనే లేదు వదినా. ఒక్క మనిషిని సుత అడగలే."

"రేపు నేను రహీంతో వెళ్ళి అడుగుతాను," అన్నాను.

"నువ్వెందుకు అన్నా? ఆయన నడక నీకేం తెల్సు?" అంది. పెట్టెలోంచి బురఖా తీసింది. పెద్దలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఇద్దతు లేదన్నాక ఆమెని గడప దాటొద్దనే హక్కు వాళ్ళకి లేదు. ఆ మాట ఇప్పుడే తమ నోటితోనే అన్నారు. రహీం చెప్పులు తొడుక్కున్నాడు. వెనక వాకిలి తెరుచుకున్న చప్పుడు, మూసుకున్న చప్పుడు.

నాకూ లేవాలనిపించింది. గోడని వదిలి లేవలేకపోయాను. మిగతా పెద్దలిద్దరూ వాకిట్లోకి వెళ్ళారు గానీ మౌల్వీ సాబూ కదల్లేదు. ఇద్దరం చీకట్లో గోడకి ఎదురుగా ఉండిపోయాం.

తూర్పు మూలలోంచి ఒక నల్లటి ఆకారం వచ్చింది, తల కిందికి, కాళ్ళు పైకి. మొదట దూలాలకి దగ్గరగా, గోడలు పట్టుకుని నడిచేవాళ్ళలా ఆగి ఆగి వచ్చింది. ఆర్నెల్లు ఎండ చూడని మనిషి కదా. గోడ నడుమకి వచ్చేసరికి నడక సాపుగా అయింది. పది అడుగుల వెనకే రహీం. గల్లీలో మిగతావాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే ఆగిపోయి చూస్తున్నారు. మౌల్వీ సాబు పెదవులు కదులుతున్నాయి. ఏం చదివారో నాకు వినపడలేదు.

ఆమె పడమటి మూల చేరుకుంది. అలమరా పక్కన, హుస్సేన్ కలిసిపోయిన చోటే, గోడ ఆమెని తీసేసుకుంది. చెప్పుల చప్పుడు మాత్రం తూర్పున, రైలు గేటు వైపు, ఇంకా వినిపిస్తూనే ఉంది.